బూటు కింద పట్టు

ఆదోనిలో పెళ్లి ఊరేగింపులకు గుర్రం తిప్పే ముసలాయన, మోకాలి కింద పట్టీలా బూటు చుట్టిన దాని ముంగాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా పశువుల డాక్టరమ్మ.

“నరం వాపుకని నేనిచ్చిన కాలిబూటు దినామూ ఇప్పి గాలి తగలనిస్తాండావా, చాచా?”

“ఇప్పలేదమ్మా. ఇప్పితే లోపలి పట్టు రాలిపోదా?”

“ఏం పట్టు?”

“సున్నం, బెల్లం. బెణుకులకు మా అబ్బా అదే ఏస్తాండె. మీ బూటూ, మా పట్టూ రెండూ ఉంటే బిరీన నయమైతాదని...”

“ఎన్ని దినాలైంది?”

“తొమ్మిది.”

ఆమె బూటు విప్పింది. సున్నానికి ఉడికిన తోలు దాంతోపాటే ఊడివచ్చింది. లోపల నరం తెల్లగా కనిపించింది.

ముసలాయన గుర్రం మొహంలోకి చూశాడు.

“ఒక్కసారన్నా తన్నలేదమ్మా! నొస్తే తన్నదా?”

“కట్టింది నువ్వు గదా, చాచా. ఓర్చుకునింది.”