మర్లీన్ ఎత్తగల జాకీ

ఆస్ట్రేలియాలో సెడూనా ఊరి చివర మానోలీ కారవాన్ సామాన్ల కొట్టు. అది దాటితే పడమటికి ఇక నల్లార్‌బోర్ మైదానమే. పెరట్లో కారు వెనక తగిలించిన ఇల్లులాంటి ఒక కారవాన్, దాని పక్కన మొగుడూ పెళ్ళాం.

"ఇంకా ఏం చూస్తావు మర్లీన్? గుర్రప్పందేలకి పెట్టుకెళ్ళే టోపీ కొన్నట్టు! ఆ పొట్టి బాటిల్ జాకీ చాలు. మానోలీ, అదే కట్టెయ్యి."

"కట్టకండి మానోలీ. నేనింకా ఎంచుకోలేదు."

"బండి బరువెంతమ్మా?"

"ఆవిణ్ణడుగుతావేం? నా బండి రెండున్నర టన్నులు."

"మన బండి, క్లైడ్."

"నీళ్ళ తొట్టి నిండితే ఇంకాస్త ఎక్కువే, మానోలీ."

"బాటిల్ జాకీకి బలం ఉందమ్మా, కాదనను. కానీ టైరు పూర్తిగా చతికిలబడిందనుకోండి, ఇరుసు కిందికి దిగిపోతుంది. జాకీ దూరదు. మట్టి తవ్వుకోవాలి."

"తవ్వుతాను. నాకు చేతుల్లేవా?"

"నేను తవ్వాల్సొస్తే, క్లైడ్?"

"నువ్వెందుకు తవ్వుతావు?"

"మానోలీ, ఆ పొడుగు జాకీ ఏమిటి?"

"బండి చట్రానికి పక్కన కొక్కెం బిగిస్తాం. అందులో తగిలించి ఎత్తడమే. కింద దూరే పని లేదు. ఇసకయితే అడుగున చెక్క వేసుకోవాలి. ఇన్నాళ్ళూ దేంతో ఎత్తారు సార్?"

"ఏదో ఒకదాంతో..."

"చెప్పు క్లైడ్."

"బండి నాలుగు మూలలా ఉండే కాళ్ళతో. హ్యాండిల్ తిప్పితే లేవదా ఏం? అందరూ చేసేదే!"

"అయ్యయ్యో సార్! అవి ఆగిన బండి ఊగకుండా ఉండటానికి. ఎత్తడానికా?"

"వచ్చే దారిలో కింబా ఊరి దగ్గర ఆ కాలు వంగింది మానోలీ. బండి కూలింది. నా చెయ్యి చక్రం దగ్గరుంది."

"దగ్గరుంది. కింద లేదు. కాస్త గీసుకుపోయింది, అంతే. అప్పట్నుంచీ అదే పాట!"

"కూలగానే నువ్వేం చూశావు?"

"ఏం చూశాను?"

"వంగిన కాలు. దాన్ని తడిమావు. తిట్టుకున్నావు. మళ్ళీ తడిమావు. నేను చేతికి తువ్వాలు చుట్టుకుని ఎదురుగా నిలబడేదాకా నా వైపు తిరగలేదు."

"కంగార్లో... పరాయివాడి ముందు ఇవన్నీ ఎందుకిప్పుడు?"

"మానోలీ, ఆ కొక్కెం బిగించండి. నేనే ఎత్తి చూస్తాను."

"ఒక్క క్షణం... ఆ, బిగిసింది. హ్యాండ్‌బ్రేకు వేశారా? అటు చక్రానికి అడ్డు పెట్టారా?"

"రెండూ చూసుకున్నాను."

"అయితే జాకీ హ్యాండిల్ కొట్టండి. తొందరొద్దు."

"ఇటివ్వు మర్లీన్. నీ మణికట్టు..."

"ముట్టుకోకు."

"నేను పక్కనుండగా నువ్వు..."

"ముట్టుకోకన్నానా!"

"లేస్తోందమ్మా. ఇంకొక్క పట్టు... అదీ! చూడండి, చక్రం నేల వదిలేసింది."

"దించడం కూడా నేర్పండి."

"ఆ మీటని మెల్లగా వదలండి. మెల్లగా... చాలు. వచ్చేసింది మీకు."

"ఇదే తీసుకుంటాను."

"బాగుంది! ఎత్తేదీ నువ్వే, దించేదీ నువ్వే. మైదానం మధ్యలో టైరు పగిలితే నేనెక్కడుంటాను మరి? లోపల పడుకుని నిద్రపోతుంటానా?"

"మానోలీ, అడిలైడ్ వెళ్ళే బస్సు ఇక్కడ ఎక్కడ ఆగుతుంది?"

"పెట్రోల్ బంకు ముందమ్మా. ఎందుకు, బండి ఇక్కడ వదిలేసి ఇద్దరూ వెనక్కి వెళ్ళిపోతారా?"

"లేదు, బండి పడమటికే వెళ్తుంది. క్లైడ్, నీ సంచీ దించుకో."