ఊదారంగు బిళ్ల

సౌదీలో ధహ్రాన్ పక్కన తుక్బాలో రెండు గదుల ఇల్లు. బహ్రెయిన్ బ్రిడ్జికి బయలుదేరాల్సిన శుక్రవారం పొద్దున. లడ్డూలకని రవ్వ వేయిస్తున్న హమీదున్నీసా గంటెకు ఏదో టక్కున తగిలింది. చప్పుడు విని మొగుడు పరుగెత్తుకొచ్చాడు.

"స్టవ్ ఆపు హమీదా! ఆపు ముందు, మాడిపోతాది!"

"ఏది మాడిపోతాది? రవ్వనా?"

"రవ్వ కాదు. ఆపు."

"ఆపినా. ఏందివి? రవ్వలో గుండ్రంగా... ఒకటి. ఇదో ఇంగోటి. పచ్చగా ఉండాయి."

"ఇట్లియ్యి. చేయి కాల్తాది, నేను తీస్తా."

"కాల్తే నా చేయి కాల్తాది. ఏందివి అంటాండా."

"ఏం లేదు. బిళ్లలు."

"బిళ్లలని నాకూ కనపడతాండాది. రవ్వడబ్బాలోకి ఎట్ల వచ్చినాయి?"

"రాత్రి నేనే పెట్టినా. నువ్వు కొత్త ప్యాకెట్ విప్పుతావనుకున్నా."

"ఇవి ఆ జూదం బిళ్లలు గదూ? మంచం కింద బూట్ల డబ్బాలో దాచుకున్నేటివి."

"జూదం అనొద్దు. పోకర్ బిళ్లలు."

"పోకరంటే జూదం కాక ఇంగేంది, కబడ్డీనా?"

"మెల్లగా మాట్లాడు. పక్కింటోళ్లు వింటారు."

"పక్కింటోళ్లకు తెలుగు రాదు. ఈ దేశంలో పేకముక్క చేతిలో ఉంటేనే భయపడి చస్తారే, నువ్వు క్యాసినోలో డబ్బు బదులు పెట్టే బిళ్లలు తెచ్చి వంటింట్లో దాస్తావా? జుమ్మా నమాజుకు ముందు వరసలో నిలబడే మనిషివి!"

"నేను ఆడతానా? ఒక్క ఆట ఆడినానా? అసలు నాకు ఆడేదే రాదు."

"ఆడేవాడన్నా నయం. ఉన్నది ఓడిపోయినాక ఇంటికొస్తాడు. నువ్వు ఇంట్లోనే ఉంటావు, ఉండి ఏం లాభం? రాత్రయితే ఆ డబ్బా ముందేసుకొని టిక్కు టిక్కుమనిపిస్తా కూచుంటావు. అది సరే, రవ్వలో ఏంటికి పెట్టినావు?"

"బహ్రెయిన్‌లో అల్తాఫ్‌భాయ్ ఉండాడు గదా, వాచీల అంగడి. ఈ రెండు పచ్చవి ఇస్తే ఆయన దగ్గర ఉండే ఊదాది ఇస్తానన్నాడు. లడ్డూలయినాక డబ్బాలో అడుగున పెడదామని..."

"లడ్డూల డబ్బాలోనా?"

"కింద. కాయితం పరిచి."

"ఆ డబ్బా ఎవురి ఒడిలో ఉంటాది?"

"కార్లోనే గదా పెట్టుకుంటాం."

"చెప్పయ్యా. ఎవురి ఒడిలో ఉంటాది?"

"నీ ఒడిలోనే. ఆడవాళ్ల తిండి డబ్బా ఎవురు చూస్తారు? ఒంటరి మొగోడి కారైతే సీటు కూడా పీకి చూస్తారు. ఫ్యామిలీ ఉంటే చేయూపి పొమ్మంటారు."

"ఉండు. ఉండు. పోయినసారి గూడా లడ్డూలు చేయమన్నావు. పాపకు ఇష్టమన్నావు."

"ఇష్టమే గదా."

"పోయినసారి గూడా ఉండాయా డబ్బాలో?"

"నాలుగే."

"యా అల్లా! పోయినసారి వచ్చేటప్పుడు బ్రిడ్జి మీద కస్టమ్స్ ఆఫీసరమ్మ డబ్బా మూత తీసింది. ఒక లడ్డూ తీసుకుంది. బాగుందనింది. నేను ఏం చేసినా తెలుసునా నీకు? ఇంగోటి తీసుకో అని నా చేత్తో డబ్బా ముందుకు పెట్టినా!"

"తెలుసు. నాకు ఊపిరి ఆడలేదు."

"నీకు ఊపిరి ఆడలేదా? దొరికింటే జైల్లో ఊపిరాడకుండా కూచునేది నేను. నీకు కొంచెమన్నా ఇది ఉండాదా?"

"దొరకలేదు గదా."

"అదీ ఒక మాటనా!"

"తప్పే. ఒప్పుకుంటాండా. గట్టిగా అరవొద్దు, పాప లేస్తాది."

"పాప ఎప్పుడో లేసింది. కిటికీ దగ్గర కూచోనుండాది. ఈ రోజు శుక్రవారం, బడి బస్సు రాదు అని చెప్పినా ఆడనుంచి లేయదు. మిగతా దినాల్లో ఏం చేస్తాదో నువ్వు చూసినావా? పై ఇంటి ఆస్మా బ్యాగు తాను తగిలించుకొని బస్సు దాకా మోసి, బస్సెక్కేటప్పుడు తీసిచ్చి, ఉత్త వీపుతో పైకొస్తాది. ఆరేండ్లు నిండినాయి దానికి. విజిట్ వీసా పిల్లల్ని బడిలో చేర్చుకోం అంటారు, ఈడ కాపురముండేదానికి ఇకామా కార్డు తెమ్మంటారు. నువ్వేమో మూడేండ్ల నుంచి ఇస్తారు, ఇస్తారు అంటాండావు. ఇన్నేండ్లూ నేను మూడు నెలలకొకసారి వంతెన దాటి, ముద్ర కొట్టించుకొని, మళ్ల చుట్టం మాదిరి మొగుడింటికి వస్తాండా. ఈ పొద్దుతో గడువు అయిపోతాది. దాటకపోతే ఇంగ ఊరికి పోవాల్సిందే. అట్లాంటి దినం ఇవి తెచ్చి రవ్వలో పెడతావు!"

"నేను అడగలేదా ఆఫీసులో? వాళ్లు ఒప్పుకోకపోతే నేనేం చేసేది?"

"ఒక మాట అడుగుతా. నిజం చెప్పు. ఏముండాయి వీటిల్లో?"

"నీకు చెప్పినా అర్థం కాదు."

"ఏసీలు బాగు చేసేవాడికి అర్థమైంది నాకు ఏంటికి కాదు? చెప్పు."

"తెల్లోళ్లుండే కాంపౌండులో ఒక ముసలి ఇంజనీరు ఉండేవాడు. ఇంగ్లీషోడు. దేశం వదిలిపోయేటప్పుడు ఏసీ విప్పేదానికి పోయినా. పెట్టెలు సర్దతా ఒకటి నా చేతిలో పెట్టినాడు. ఈ క్యాసినో ఇప్పుడు లేదు, కూలగొట్టినారు, ఇది మాత్రం మిగిలింది అన్నాడు. జేబులో వేసుకున్నా. దినమంతా ఎండలో మేడల మీద పని. జేబులో చేయి పెట్టినప్పుడల్లా చల్లగా తగిలేది."

"చల్లగా తగిలేదానికి ఒకటి చాలు గదా."

"ఒక్కదాంతో ఎవురూ ఆగరు హమీదా. ఒకటి ఉన్నన్నాళ్లు అది ఉత్త బిళ్ల. రెండోది దొరికిందనుకో, మూడోది యాడుందో అని మొదలవుతాది. తెల్లది, ఎర్రది, పచ్చది, నల్లది. అన్నీ ఆ ఒక్క క్యాసినోవే, అన్నదమ్ముల మాదిరి. తలా ఒక దేశంలో పడుండాయి. నేను వాటిని ఒకచోటికి తెచ్చినా. ఊదాది ఒక్కటే తక్కువ."

"అది దొరికితే?"

"అయిపోతాది."

"అయిపోయినాక?"

"... ఇంగో క్యాసినోవి ఉండాయి. అవి సగమే."

"అదీ! నాకు తెలుసు. నోరుజారి చెప్పినావు."

"నువ్వు అడిగితే నిజం చెప్పినా. నిజం చెప్పినా తప్పేనా? విను. ఈ దేశంలో నాదని చెప్పుకునేది ఏముండాది? కారు కంపెనీది. ఇల్లు బాడుగది. తొడుక్కున్న చొక్కా మీద గూడా కంపెనీ పేరే. ఆ డబ్బాలో ఉండేటివి నేను ఏరుకున్నేటివి. ఒక్కొక్కటి ఎట్ల దొరికిందో, ఎవురిని బతిమాలినానో నాకు తెలుసు. మూత తీస్తే అన్నీ వరసగా ఉంటాయి. ఎవురూ వచ్చి ఇది మాది అనరు."

"మరి మేం?"

"మీరేంది?"

"నేనూ పాపా. మేం నీవాళ్లం కాదా?"

"అది వేరే, ఇది వేరే. మాటకు మాట తగిలించొద్దు."

"నేనేం తగిలించలేదు. ఉత్తగా అడిగినా."

"ఇదో, ఒకసారి అరచేతిలో పెట్టుకో. పెట్టుకో, ఏం కాదు. కళ్లు మూసుకో. బరువు తెలుస్తాండాదా?"

"... తెలుస్తాండాది."

"రూపాయి బిళ్ల ఇంత బరువుంటాదా?"

"ఉండదు. అంచు మెత్తగా ఉండాది. ఎవురెవురో పట్టుకొని అరిగినట్ల."

"అదే! అదే నేను చెప్పేది. ఎంతమంది చేతులో. ఎంతమంది గెలిచినారో, ఏడ్చినారో."

"ఏడ్చినవాళ్లే ఎక్కువుంటారు. తీసుకో, నాకొద్దు."

"హమీదా. ఈ ఒక్కసారి. ఊదాది తెచ్చుకుంటే ఇంగ బ్రిడ్జి మీద బిళ్ల మాటే ఎత్తను."

"ఒట్టు వేస్తావా?"

"పాప మీద..."

"పాప మీద వేయొద్దు! నేను ఒకటి చెప్తా, అది చేయి. ఆదివారం ఆఫీసు తెరవంగానే పోయి వీసాలు చూసే భూషణం సారు ముందు కూచో. లేయొద్దు. ఇకామా సంగతి తేల్చేదాకా కుర్చీ దిగొద్దు. పాపను ఈ ఏడాదే బడిలో వేయాల. చేస్తావా?"

"చేస్తా."

"నా కళ్లలోకి చూసి చెప్పు."

"చేస్తా అంటాండా గదా."

"అయితే ఈసారికి మోస్తా. ఆఖరుసారి. డబ్బాలో కాయితం నువ్వే పరుచుకో, నేను చేయి పెట్టను. దొరికితే మాత్రం మొగుడు పెట్టినాడనే చెప్తా, ముందే చెప్తాండా."

"చెప్పుకో. నువ్వు బంగారం."

"బంగారమంట. ఆ నెయ్యి ఇట్లియ్యి, ఉండలు కట్టాల."

"అస్సలాము అలైకుం! అక్కా, తయారేనా? కారు అడ్డంగా పెట్టొచ్చినా."

"వచ్చినావా షాబాజ్. కిందనే ఉండు, అయిదు నిమిషాల్లో దిగుతాం."

"ఏంటికయ్యా తమ్ముణ్ణి తరుముతావు? రా షాబాజ్, చేయి పట్టు, ఇప్పుడే కట్టిన వేడి లడ్డూ. నువ్వూ ఆఫీసులోనే గదా ఉండేది. ఆదివారం మీ బావతో కూడా పోయి భూషణం సారుకు నువ్వూ ఒక మాట చెప్పు."

"దేనికక్కా?"

"షాబాజ్, కారు తీయి పో. పోలీసోడు వస్తాడు."

"నాకూ పాపకూ ఇకామాకు. ఇంగ దేనికి?"

"అదేందక్కా? కంపెనీ రంజాన్‌లోనే ఒప్పుకునింది గదా."

"రంజాన్‌లోనా?"

"అవును. భూషణం సారే నన్ను పిలిచి చెప్పినాడు, మీ బావ సంతకం పెడితే మిగతాదంతా కంపెనీనే చూసుకుంటాదని. బావేమో ఇప్పుడే వద్దు, మళ్ల చెప్తా అన్నాడంట. మీరు ఊరికి పోయే ఆలోచనలో ఉండారేమో అనుకున్నా. నీకు తెలీదా?"

"హమీదా, వాడికి సగం తెలుసు, సగం తెలీదు. నా మాట విను. మన పెండ్లి కాయితం, నికానామా మీద ముద్రలు కావాలన్నారు."

"అవి నేనే చేయించి తెచ్చిచ్చినా గదా బావా."

"నువ్వు నోరు మూసుకో! పాప ఫొటో సరిగ్గా లేదన్నారు హమీదా. నీకు చెప్తే బాధపడతావని... అట్ల చూడొద్దు. తిట్టు. పొద్దున్నుంచి తిడతానే ఉండావు గదా, ఇప్పుడూ తిట్టు."

"అక్కా, ఆ చేతులు కడుక్కో ముందు. అక్కా?"

"అబాయా ఏంటికి వేసుకుంటాండావు? ఇంగా టైముండాది. పాపా, ఆయేషా, నువ్వు చెప్పులు విడువు, అమ్మ ఎక్కడికీ పోదు. హమీదా, సరే. చెప్తా. నీ మొగం చూసి చెప్పలేను, ఇట్ల గోడవైపు తిరిగి చెప్తా. ఇకామా వస్తే నువ్వు వంతెన దాటే పని లేదు. నువ్వు దాటకపోతే ఏమని చెప్పి పోయేది నేను? ఒక్కణ్ణే పోతే కారు విప్పుతారు. సంతకం పెడదామనే కూచున్నా, నిజం. పెన్ను గూడా తీసినా. ఊదాది ఇంగా దొరకలేదు గదా, ఒక్క మూడు నెలలు ఆగుదాం అనుకున్నా. మళ్ల ఇంగొక మూడు నెలలు. పాపకు ఏడాది పోతాదని తెలుసు. తెలిసే చేసినా. ఇంగ దాచేది ఏం లేదు. ఇప్పుడు అడుగు, ఏమడుగుతావో అడుగు."

"బావా."

"నిన్ను కాదు. మీ అక్కను మాట్లాడమంటాండా."

"నువ్వు గోడవైపు తిరగంగానే అక్క పాపను చంకనెత్తుకొని దిగిపోయింది బావా. ఇదంతా విన్నది నేను."