సిద్ధయ్యన్న తుడపని క్యాసెట్టు

సిద్ధయ్యన్న ఎవురా? అదేం మాట పాపా! ఈ కువైట్ రుమైథియాలో మన పక్కింటి డ్రైవరు గదా. ముప్పై ఏండ్ల నాటి మాటలే, నీకెట్ల తెలుస్తాది. అప్పుడు మాకు ఫోన్లు యాడివి? మాటలు క్యాసెట్టులో పట్టి, ఊరికి పోయేవాళ్ల చేతికిచ్చేది. ఇంటోళ్లు మల్లా జవాబు పట్టి పంపేది. టేపురికార్డరు సిద్ధయ్యన్నదే. అందరూ పాత మాటల మీదనే కొత్త మాటలు పట్టేవాళ్లు. ఈయప్ప ఒప్పడే! "మనిషి గొంతు తుడిపేది పాపం అంకాలమ్మా, ఇంగోటి కొనుక్కోపో" అని తిట్టి, పాతవన్నీ పేర్లు రాసి దాచిపెట్టేవాడు. ఆయప్ప గన అందరి మాదిరి తుడిపేసింటే నేను ఈ పొద్దు... ఆఁ, ఆడికే వస్తాండా, ఉండు.

నా మొగుడు ఆంజి రాయచోటి కోర్టులో కేసేసినాడు. పెండ్లాం వదిలేసి పోయింది, విడాకులు కావాలని. నన్ను కువైట్ విమానం ఎక్కించిందే వాడు పాపా! అదే ఏడు ఈడనే ఉండే మన తెలుగు ఇంజినీరు భార్య కనకవల్లి మేడంకు గూడా విడాకుల కేసు నడస్తాండె. వాయిదా అంటే ఆమె విమానం ఎక్కేది. నా పాసుపోర్టా, నేను పనిచేసే ఇంటామె, మామా అంటామే, ఆమె బీరువాలో. నేను పోకపోతే జడ్జి ఏం రాసుకుంటాడు? పెండ్లాం రాల్యా, మొగుడు చెప్పిందే నిజమని. చట్టం మేడంకూ నాకూ ఒకటేనంట! అప్పుడు సిద్ధయ్యన్న పోయి మా మజీదా మామా ముందర నిలబడినాడు. "పదైదు దినాలు పంపు మామా. ఈమె తిరిగి రాకపోతే నేను మీ ఇంట్లో జీతం లేకుండా బండి తోల్తా" అన్నాడు. నేను ఆయప్పకేమవుతానని? ఊరు గాదు, కులం గాదు. మామా గూడా మంచిదే, పంపింది.

సిద్ధయ్యన్న దాచిన పాత క్యాసెట్టు నేను తీస్కపోతే, కోర్టులో టేపు పెట్టినారు. ఆంజి గొంతే. "అంకీ, ఇప్పుడే రాబాకు. మిద్దె పూర్తికానీ. ఇంకో మూడేండ్లు ఆడనే ఉండు." ఎనక మా కోళ్లు గూడా అరుస్తాండాయి! జడ్జి నవ్వు ఆపుకుంటా, "ఈ గొంతు నీదేనా?" అన్నాడు. వాడు తల ఎత్తితే గదా! మల్లా కాపురం చేస్తావామ్మా అని జడ్జి నన్నడిగినాడు. "వద్దు సామీ. వదిలేసి పోయిందనే మాట కొట్టెయ్యండి. విడాకులు నేనే అడుగుతాండా" అన్నా. మిద్దె మాత్రం వాని పేరనే ఉండిపాయ. దాంట్లో నా రెక్కల కట్టం చట్టానికి కనపల్యా. పోనీలే, తల ఎత్తుకొని బయటికొచ్చినా, అంతా ఆయప్ప పున్నెం. తిరిగొచ్చి గేటు కాడ కాళ్లకు దండం పెడదామని వంగితే, "యల్లా యల్లా, జరుగు జరుగు, పిల్లోళ్లకు ఇస్కూలు టైమయింది" అంటా బండెక్కినాడు. ఆ ఏడే సెలవుకు ఊరికి పోయినాడు, ఆడనే కన్ను మూసినాడు. ఆ దండం ఇంకా నా చేతుల్లోనే ఉండాది పాపా...

ఏందట్ల సూస్తావు? పాలు పొంగిపోతాండాయి, పో.