కొండదారిలో కారు నడిపింది నేనే

నా పేరు బొంతా జయశీల. వయస్సు డెబ్బై నాలుగు. తండ్రి కీర్తిశేషులు ఎడ్వర్డ్ గారు, ఓడరేవులో క్రేన్ ఆపరేటరు. నేను మహిళా కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. వివాహం చేసుకోలేదు. సీతమ్మధారలో సొంత ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటున్నాను. వృత్తి అన్నచోట రైటరు గారు నన్ను అడగకుండానే "గృహిణి" అని రాశారు. అది కొట్టివేయించి "విశ్రాంత అధ్యాపకురాలు" అని రాయించాను.

నన్ను ఈ పోలీసు స్టేషనుకు ఎవరూ పిలిపించలేదు. నేనే వచ్చాను. మొన్న శనివారం ఉదయం సింహాచలం ఘాట్ రోడ్డులో నా కారు వెనక్కి జారి, పూలు అమ్ముకునే సూరన్న గారి కాలు విరిగింది. ఆ కేసులో కారు నడిపిన వ్యక్తిగా గవర్రాజు పేరు ఉన్నదని ఈ ఉదయమే తెలిసింది. గవర్రాజు మా ఇంట్లో వంట చేసే పోతమ్మకు అల్లుడు, ఆటో డ్రైవరు. అతను నా కారు నడపలేదు. నడిపింది నేను. చెప్పవలసిన ముఖ్యమైన మాట ఇదే. మిగిలినది ఇది ఎలా జరిగిందన్న వివరం.

నాకు యాభై ఏళ్లుగా కారు నడపడం వచ్చు. నాలుగేళ్ల కిందట ఎడమ మోకాలు అరిగిపోయింది. క్లచ్ తొక్కకూడదని డాక్టరు గారు అన్నారు. "ఇంక చాలు అక్కా, డ్రైవర్ని పెట్టుకో" అని నా తమ్ముడు సుందర్ రాజ్ అన్నాడు. నేను డ్రైవర్ని పెట్టుకోలేదు. ఆటోమేటిక్ కారు కొనుక్కున్నాను.

అందులో మనిషి తొక్కే క్లచ్ ఉండదు. లోపల రెండు క్లచ్‌లు ఉంటాయి. ఏది ఎప్పుడు పట్టాలో, ఏది ఎప్పుడు వదలాలో ఒక చిన్న కంప్యూటరు చూసుకుంటుంది. మొదటి రోజుల్లో తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద ఆ కారు నడుపుతుంటే, కనబడని మనిషి ఎవరో నా పక్కన కూర్చుని, నా మనసు కనిపెట్టి, గేర్లు వేస్తున్నట్టు ఉండేది. నా కాలు నాకు తిరిగి వచ్చిందనుకున్నాను. పోతమ్మ ఒకసారి ముందు సీట్లో కూర్చుని కిందికి వంగి చూసి, "ఇదేటమ్మా, ఎడం కాలుకి పనే నేదు, కూకోబెట్టి జీతమిత్తన్నారు!" అన్నది.

రెండో ఏడు దాటాక తేడా వచ్చింది. హనుమంతవాక ఎత్తు మీద సిగ్నలు దగ్గర ఆగి బయలుదేరేటప్పుడు కారు ఒక్క క్షణం దేనికీ అంటనట్టు ఉండిపోయేది. మెట్టు ఉన్నదనుకుని చీకట్లో కాలు వేస్తే మెట్టు లేనప్పుడు ఎలా ఉంటుందో అలా. మరుక్షణం పట్టుకునేది. ఎప్పుడూ పట్టుకునేది. నేను కంపెనీ వారి సర్వీసు సెంటరుకు మూడుసార్లు తీసుకువెళ్లాను.

"కంప్యూటరు పెట్టి చూశాం మేడమ్. ఏ లోపమూ చూపించడం లేదు. జారినట్టు మీకు అనిపిస్తోందేమో" అన్నాడు అక్కడి అబ్బాయి.

"నాకు అనిపించలేదు నాయనా. జారింది."

"అలా అయినప్పుడు గాబరాపడి బ్రేకు కొట్టకండి మేడమ్. యాక్సిలరేటరు ఇంకొంచెం ఇవ్వండి. అదే పట్టుకుంటుంది."

ఆ అబ్బాయి పేరు నేను చెప్పను. అతనికి నేర్పిన మాటే అతను నాకు చెప్పాడు.

ఇదే రకం కారు ఉన్నవాళ్లం ఈ ఊళ్లో చాలామందిమి ఉన్నాం. ఆదివారాలు బీచ్ రోడ్డులో కలుస్తాం. ఆ కారును మేము ఒంట్లో బాగుండని బంధువులాగ చెప్పుకుంటాం. బ్యాంకులో పనిచేసే సత్యశ్రీ, "మీదానికి ఎప్పుడు మొదలైందండీ?" అని అడుగుతుంది, షుగరు ఎప్పుడు బయటపడిందని అడిగినట్టు. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయిన దేవీప్రసాద్ గారు, "పట్నంలో పర్వానేదండి, కొండకి మాత్రం దీన్ని నమ్మను. మా ఆవిణ్ణి కొండ కింద దించీసి, నువ్వు బస్సెక్కి దణ్ణం ఎట్టీసి రా, నానిక్కడ బండికి దణ్ణం ఎట్టుకుంటాననీసినాను" అన్నారు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

శనివారం నేను కొండకు వెళ్లింది పోతమ్మ కోసం. గవర్రాజు చిన్న కూతురికి జ్వరం తగ్గితే సింహాచలం వస్తానని ఆమె మొక్కుకున్నది. నాకు ఆ దేవుడితో పరిచయం లేదు, పోతమ్మతో ఉన్నది. ఉదయం ఆరున్నరకు సీతమ్మధారలో బయలుదేరాం. డ్రైవింగు సీట్లో నేను. నా పక్క సీట్లో గవర్రాజు. వెనుక పోతమ్మ, కొబ్బరికాయల సంచి.

"క్లచ్ నేకండా బండి నడపడమంటే కళ్లెం నేకండా గుర్రమెక్కినట్టే అమ్మగోరూ" అన్నాడు గవర్రాజు.

"నీ ఆటోకి అన్నీ ఉన్నాయి గానీ బాబూ, బ్రేకే నేదు" అన్నది పోతమ్మ వెనుక నుంచి.

అడివివరం వైపు నుంచి టోల్ గేటు దాటి కొండ ఎక్కడం మొదలుపెట్టేటప్పటికి ఏడు దాటింది. శ్రావణ శనివారం కాబట్టి బండ్లు బారులు తీరి ఉన్నాయి. కాస్త కదలడం, ఆగడం, కాస్త కదలడం, ఆగడం. అరగంటకు పైగా అలాగే ఎక్కాం. అంతవరకు నాకు కింద లోయ కనబడుతోంది.

తరువాత మబ్బు దిగింది. ముందు చెట్ల కొనలు పోయాయి. తరువాత చెట్లు పోయాయి. తరువాత రోడ్డు పక్క పిట్టగోడ పోయింది. చివరికి ముందున్న కారు రెండు ఎర్ర దీపాలు, స్టీరింగు మీద నా చేతులు మాత్రం మిగిలాయి. ఎక్కడి నుంచో సంపెంగల వాసన కారులోకి వచ్చింది. వెనుక పోతమ్మ కునుకు తీస్తున్నది. గవర్రాజు మాట్లాడటం మానేశాడు. ముగ్గురం ఉన్నా కారులో ఎవరూ లేనట్టు ఉన్నది. నేను సంతోషంగా ఉన్నాను. ఇది కేసుకు అవసరమా అని రైటరు గారు అడిగారు. అవసరమే. నేను కంగారులో లేను, నిద్రలో లేను, సంతోషంగా ఉన్నాను అని రాయండి.

ముందున్న దీపాలు కదిలాయి. బ్రేకు మీది నుంచి కాలు తీసి యాక్సిలరేటరు మీద వేశాను. ఇంజను శబ్దం పెరిగింది. దీపాలు దూరంగా వెళ్లాయి. ఆ కారు వేగం అందుకున్నదనుకున్నాను. దాన్ని అందుకోవాలని ఇంకొంచెం నొక్కాను. ఇంజను ఇంకా అరిచింది. దీపాలు ఇంకా దూరమయ్యాయి. మసకబారాయి. రెండూ కలిసి ఒకే ఎర్రటి మచ్చ అయ్యాయి. అది చాలా మెల్లగా, ఎవరో వీడ్కోలు చెబుతూ వెళ్లిపోతున్నట్టుగా వెళ్లింది.

కానీ అది వెళ్లడం లేదు. వెళ్తున్నది మేము.

స్టేషనులో పక్క రైలు కదిలితే మన రైలే కదిలినట్టు ఎందుకు అనిపిస్తుందో నేను ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పాను. నిలిచి ఉన్న వస్తువు ఏదైనా ఒకటి కంటికి ఆనాలి. ఒక్క చెట్టు చాలు. ఆ సమయంలో నాకు చెట్టు లేదు.

"అమ్మగోరూ, ఎనక్కెల్తంది! బ్రేకు! బ్రేకు!" అని గవర్రాజు అరిచాడు. అప్పుడు బ్రేకు నొక్కాను. కారు వెంటనే ఆగింది. బ్రేకులో లోపం లేదు. గేరు లీవరు డ్రైవ్‌లోనే ఉన్నది. మీటరు మీద గేరుబాక్సు లోపాన్ని సూచించే పళ్లచక్రం బొమ్మ పసుపు రంగులో వెలుగుతున్నది. అది ఎప్పుడు వెలిగిందో చెప్పలేను, నేను చూసేటప్పటికి వెలుగుతున్నది.

సూరన్న గారు ఆ సమయంలో మా కారుకూ వెనుక కారుకూ మధ్య నుంచి రోడ్డు దాటుతున్నారు. ఆయన ఎడమ కాలు రెండు బంపర్ల మధ్య పడింది. కారు రివర్సు గేరులో లేదు గనుక వెనుక తెల్ల దీపం వెలగలేదు, వెనుక మనిషి ఉన్నాడని కూత పెట్టే యంత్రం కూయలేదు. కారుకు కూడా తాను వెనక్కి పోతున్నానని తెలియదు.

నేను దిగి వెళ్లేసరికి ఆయన తడి రోడ్డు మీద కూర్చుని ఉన్నారు. చుట్టూ సంపెంగలు. ఆయన మొదట అన్న మాట, "పూలు తొక్కకండి బాబూ, పక్కనుంచి ఎల్లండి."

నేను ఆయన పక్కన కూర్చున్నాను. మోకాలు వంగదు కాబట్టి కాలు చాపి కూర్చున్నాను. ఇద్దరం అలా ఒక్కొక్క కాలు చాపుకుని కూర్చున్నాం.

"తెల్ల లైటు ఎలగనేదమ్మా, ముందుకే ఎల్తాదనుకున్నాను" అన్నారు. తరువాత, "నడిపిందెవులు?" అన్నారు.

"నేనే."

"ఆ బాబు కాడేటి?"

"కాదు. నేనే."

"ఔనా తల్లీ" అన్నారు. ఆయన ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నారు. కాలు రెండు చోట్ల విరిగింది, మళ్లీ నడుస్తారని డాక్టరు గారు అన్నారు. ఆయనను అడిగితే ఈ మాటలు చెబుతారు.

అంబులెన్సు వచ్చినప్పుడు నేనూ పోతమ్మా ఆయనతోపాటు ఎక్కాం. కారు దగ్గర గవర్రాజు ఉండిపోయాడు. పోలీసులు ఆ తరువాత వచ్చారు. అక్కడ ఏం జరిగిందో నాకు తెలియదు. ఆదివారం పోతమ్మ పనికి రాలేదు. ఈ ఉదయం వచ్చింది. మా మధ్య జరిగిన మాటలు ఉన్నవి ఉన్నట్టు చెబుతున్నాను.

"మీ అల్లుడు ఆటో తీశాడా?"

"ఆటో ఉందమ్మా. లైసెన్సు నేదు."

"ఏమైంది?"

"పోలీసోలు ఉంచీసినారు."

"ఎందుకు?"

పోతమ్మ గిన్నె తోమడం ఆపలేదు. "బండి నడిపినాడు కదేటమ్మా" అన్నది. "మాయింటికాడ అందరికీ అలగే సెప్పీసినాం. మీరూ అలగే ఉండండి."

గవర్రాజును పిలిపించాను. వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"కానిస్టేబులుగోరొచ్చి డైవరువి నువ్వేనా అన్నారమ్మగోరూ. కారు కాడ మగోణ్ణి నానొక్కణ్ణే ఉన్నాను. ఔనండి అన్నాను."

"ఎందుకన్నావు?"

"మీ లైసెన్సు తీసీసుకుంటే ఈ వయసులో మల్లీ ఇత్తారేటి? నాదంటే రేపో మాపో వత్తాది. మీరు కారు నేకండా ఎలగుంటారు? నాకు తెల్దేటి."

అతను చెప్పింది అబద్ధం కాదు. నాకు లైసెన్సు మళ్లీ రాదు. ఎవరినీ అడగకుండా తాళం తీసుకుని బయటికి పోగలగడం నాకు ఎంతో, ఏళ్ల తరబడి మా ఇంటికి వస్తూ అతను గమనించాడు. గమనించి, నా కోసం తన బతుకుతెరువు తీసి పెట్టాడు. దానికి అతనికి నమస్కరిస్తున్నాను. కానీ నేను దానిని తీసుకోలేను. నేను నడిపిన కారుకు మరొకరు జైలుకు వెళితే, ఆ తరువాత నేను ఏ తాళం తీసుకుని ఎక్కడికి పోగలను?

"నువ్వు చెప్పింది మార్చి చెప్పాలి" అన్నాను.

"మార్చితే నన్నే తిడతారమ్మా."

"తిడితే నా ముందు తిడతారు. పద."

ఇద్దరం కలిసే వచ్చాం. అతను బయట బెంచీ మీద ఉన్నాడు.

ఎస్.ఐ. హేమశ్రీ గారు నన్ను మర్యాదగా రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిది, "మేడమ్, ఆ సమయంలో కళ్లు తిరిగాయా? అలా అయితే అలాగే రాద్దాం. మీకు ఇబ్బంది తగ్గుతుంది." ఆమె నా మేలు కోరే అడిగారు. నాకు కళ్లు తిరగలేదు. రెండవది, "అయితే తప్పంతా గేరుబాక్సుదేనని రాయమంటారా?"

దీనికి నా జవాబు ఇది. ఎత్తు మీద గేరుబాక్సు కారును వదిలేసింది. వదిలేసిన సంగతి నేను ఆలస్యంగా గ్రహించాను. బ్రేకు నొక్కవలసిన సమయంలో, సర్వీసు సెంటరులో నాకు చెప్పినట్టే, యాక్సిలరేటరు నొక్కాను. ఈ రెండూ రాయాలి. మొదటిది వదిలేస్తే ఆ కారు ఉన్న మిగతావాళ్లకు అన్యాయం చేసినదాన్నవుతాను. రెండవది వదిలేస్తే సూరన్న గారికి అన్యాయం చేసినదాన్నవుతాను. ఒకటి రాసి ఒకటి వదిలిన కాగితం మీద నేను సంతకం చేయను.

ఒక విన్నపం. కారును కంపెనీ సర్వీసు సెంటరుకు పంపకముందే రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు గారితో పరీక్ష చేయించండి. ముందు అక్కడికి వెళితే ఏ లోపమూ కనబడలేదని తిరిగి వస్తుంది.

నా డ్రైవింగు లైసెన్సు ఎస్.ఐ. గారి బల్ల మీద పెట్టాను. దానిమీది ఫోటోలో నా జుట్టు ఇంకా నల్లగా ఉన్నది. గవర్రాజును లోపలికి పిలిచి మళ్లీ అడిగారు. అతను తల వంచుకుని, "అమ్మగోరే నడిపేరండి" అన్నాడు. ఎందుకు అబద్ధం చెప్పావని గద్దించి, అతని మాట వేరే రాసుకుని, అతని లైసెన్సు నా కళ్ల ఎదుటే అతని చేతికి ఇచ్చారు. అతను దాన్ని వెంటనే జేబులో పెట్టుకోలేదు. నా వైపు చూస్తూ పట్టుకుని నిలబడ్డాడు. పెట్టుకో అని నేను చెప్పాక పెట్టుకున్నాడు.

పైన ఉన్నదంతా నేను చెబుతుంటే రైటరు గారు రాశారు. ఎవరి ఒత్తిడీ లేదు, ఎవరూ నాకు మాటలు అందించలేదు. ఆయన చదివి వినిపించారు, తరువాత కళ్లజోడు పెట్టుకుని నేను మరొకసారి చదువుకున్నాను. నేను చూసినదీ చేసినదీ ఇదే. అడుగున "సాక్షి" అని అచ్చులో ఉన్నచోట గీత కొట్టి, నా చేతితో మార్చి సంతకం చేస్తున్నాను.

(సంతకం)
బొంతా జయశీల
కారు నడిపిన వ్యక్తి