పక్కగదికి వినిపించే మౌస్

పుస్తకాలకు ముఖచిత్రాలు వేసే ఆ చిత్రకారుడు ఆస్పత్రి నుంచి వచ్చాక మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాడు. భార్య కొనిచ్చిన వైరు మౌస్ ఎలా ఉందో చెప్పమని ఆన్‌లైన్ దుకాణం వాళ్లు అడిగితే, ఆమెను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“రెండు స్టార్లు చాలు దీనికి.”

“ఏం, చేతికి కుదరలేదా?”

“కుదిరింది. కానీ నొక్కినప్పుడల్లా ఆ టిక్కుటిక్కుకి చెవులు చిల్లులు పడుతున్నాయి. కొనేముందు మిగతావాళ్లేం రాశారో చూడలేదా?”

“అన్నీ చదివాను. పక్కగదిలోకి కూడా వినిపిస్తోందని అందరూ తిట్టిపోశారు.”

“చదివి మరీ దీన్నే కొన్నావా? బాగుంది వరస.”

“అందుకే కొన్నాను.”

అతను ఆమె వైపు తిరిగాడు.

“ఆ రోజు మీరు ఈ కుర్చీలోనే ఒరిగిపోయారు. నేను వంటింట్లో ఉన్నాను. చప్పుడు లేకపోతే, పనిలో మునిగిపోయారు, కదిలించడమెందుకులే అనుకున్నాను. ఇప్పుడు ఇది వినిపిస్తున్నంతసేపూ నా పని నేను చేసుకోగలుగుతున్నా.”

అతను మౌస్‌ను ఒకసారి టిక్కుమని నొక్కి చూశాడు.

“మరి నేను బొమ్మ చూస్తూ ఊరికే కూర్చుంటే?”

“వచ్చి చూసి పోతున్నాగా.”

“సంగతి అదా. అస్తమానం మంచినీళ్లు కావాలా అంటుంటే, నా మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టుకొచ్చిందా అనుకున్నా.”

“ప్రేమా లేదు, దోమా లేదు. రాసేదేదో రాయండి.”

అతను ఐదు స్టార్లూ పెట్టి, కింద నెమ్మదిగా రాశాడు: చప్పుడు చాలా బాగుంది.

“చదివినవాళ్లు నవ్విపోతారు.”

“నవ్వనీ. వాళ్ల పక్కగదిలో నువ్వు లేవుగా.”