బాగు సెయ్యకక్కా, ఆ కారు

అనంతగిరి దాటాక ఘాట్ రోడ్డు మలుపు. రత్న మెకానిక్ షెడ్డు ముందు బానెట్ ఎత్తి ఉన్న తెల్ల కారు. అందులో వచ్చిన అధికారీ, డ్రైవరు రామారావూ ఎదుటి కాఫీ పాకలో కూర్చున్నారు. కారు దగ్గర రత్న, ఆమె తమ్ముడు ఫల్గుణ.

"నాను అడిగినదానికి జవాబు సెప్పక్కా. ఆ కారు ఎవరిదో తెలుసా నీకు?"

"తెలుసు. ఆ సిన్న స్పానరు అందుకో."

"తెలిసే బాగు సేత్తన్నావా?"

"స్పానరన్నాను."

"ఇదిగో. మన ఊరి మీటింగుకి ఎల్తన్నాడతను. కొండ తవ్వుకోమని కంపెనీకి రాసిచ్చే మీటింగు."

"రాసిచ్చేది కాదు. తవ్వుతామంటే ఊరోల్లు ఏటంటారో ఇని రాసుకునే మీటింగు. సెయ్యి తియ్యి, బ్యాటరీ తీగ ఇప్పుతన్నాను."

"ఇంటాడా అతను? ఇనే మొకమేనా అది?"

"మొకం సంగతి నాకు తెలీదు."

"దేవుడే ఆపాడనుకున్నానక్కా. ఇంత ఘాటీలో మరెక్కడా ఆగకుండా ఇక్కడే ఆగిపోయిందంటే..."

"దేవుడు ఆపలేదు. ఫొటో తీసుకుందామని సారే ఆపించాడు. లోయ బాగుందంట. మల్లీ స్టార్టు అవలేదు."

"లోయ బాగుందంటనా?"

"అలగే అన్నాడు."

"తవ్వేసాక ఇంక కనపడదని తీసుకున్నాడేటి ఫొటో? సర్లే. ఏటి రోగం దీనికి?"

"నీకెందుకు?"

"సెప్పు. పెద్ద రోగమైతే సంతోషిత్తాను."

"ముందు ప్లగ్గులనుకున్నాను. పెట్రోల్లో నాని నల్లగా ఉన్నాయి. తుడిసి పెడితే ఒక్కసారి లేసి, నల్ల పొగ కక్కి సచ్చింది. అప్పుడు సూసాను, ఇంజిను కాక సూపే మీటరు ముల్లు అడుగునే ఉంది. ఘాటీ ఎక్కొచ్చిన ఇంజిను, సెయ్యేత్తే కాలిపోతంది. ముల్లు మాత్రం లెగలేదు."

"అయితే?"

"ఇదిగో, ఈ సిన్నది. సెన్సారంటారు. దీని మూతి లోపల ఇంజిను నీల్లలో మునిగి ఉంటాది. నీల్లెంత కాగినాయో కంప్యూటరుకి సెప్పడమే దీని పని. ఇది సెడిపోయి, సల్లగా ఉంది, సల్లగా ఉంది అని సెప్తంది. పాపం సలికి వనికిపోతంది కామోసని కంప్యూటరు పెట్రోలు పోసేత్తంది. పీకల్దాకా తాగినోడు లేత్తాడేటి? ఇదీ లెగదు."

"ఇంత సిన్నదానికి అంత కారు పడిపోయిందా?"

"పడిపోయింది."

"అయితే కొత్తది కావాల. వైజాగు ఎల్లి తేవాల. ఈ పూటకి అవదు. మీటింగు లేదు, ఏటీ లేదు."

"అక్కర్లేదు. లోయలో పడిన కారొకటి షెడ్డు ఎనక ఉంది కదా, అదీ ఈ రకమే. దాన్లోది ఊడదీసాను."

"నీ సేతులు పడిపోనూ."

"తిట్టు, పరవాలేదు. గాని కాఫీ పాకకెల్లి మరిగే నీల్లు ఒక గ్లాసు అట్టుకురా."

"నానెల్లను. సారక్కడే కూకున్నాడు. ఆ మొకం సూడలేను."

"నీల్లు సూడు. మొకం సూడకు."

"ఏలినోరి పనోడిలాగ అయిపోయాను... ఇదిగో నీల్లు. బాగవుతుందా బాబూ అనడిగాడు. అవదన్నాను."

"ఏటన్నాడు?"

"ఇంకో కాఫీ సెప్పాడు."

"ఊఁ. ఇటు సూడు. ఈ రెండు తీగల్నీ ఊడదీసిన సెన్సారు కాల్లకి ఆనిత్తాను. మరిగిన నీల్లలో ముంచాక ఈ కొలిసే డబ్బాలో అంకె దిగిపోవాల. దిగితే బాగున్నట్టు. కదలకపోతే ఇదీ సచ్చినట్టే. సూసి సెప్పు. దిగతందా?"

"నీల్లు సల్లారిపోయాయేమో."

"ఫల్గుణా. దిగతందా, లేదా?"

"దిగతంది."

"అయితే బాగుంది."

"నాకు బాగాలేదు."

"ఆ గుడ్డ ఇలగివ్వు. రేడియేటరు మూత తీత్తాను."

"సల్లారకుండానే?"

"ఇంతసేపూ నీతో కబుర్లాడింది ఎందుకనుకున్నావు? కాగతన్నప్పుడు తీత్తే మొకం ఊడొత్తాది. ఇప్పుడు పరవాలేదు. పాతది ఇప్పేత్తన్నాను. నీల్లు కారిపోతాయి, బేగి రెండోది తిప్పేయాల. బెంచీ మీదుంది, అందుకో."

"బెంచీ మీద ఏటీ లేదు."

"ఇప్పుడే పెట్టాను."

"లేదన్నాను కదా."

"జేబు సూపించు."

"సూపించను."

"ఒరే, కన్నంలో ఏలు పెట్టుకుని నిలబడున్నాను. ఇలగివ్వు."

"ఇవ్వను. అలగే ఉండు పొద్దు గూకే దాకా. ఆయనే ఇసిగి ఎల్లిపోతాడు. ఏటక్కా నువ్వు? ఆ కొండ మీద మనం కాఫీ మొక్కలు పెట్టలేదా? అమ్మని అక్కడ కప్పెట్టలేదా? నువ్వు ఐటిఐ సదవడానికి ఎల్తే, ఊరోల్లు పిప్పల్లమ్మి, పసుపమ్మి బస్సెక్కించారు. ఆ సదువు దీనికా? మన కొండ తవ్వేవోడి కారు తుడవడానికా?"

"పోయినసారి మీటింగుకి ఆఫీసరోల్లు వత్తంటే నువ్వేటి సేసావు?"

"తెలీనట్టు అడుగుతావేటి? సెట్టు కొట్టి రోడ్డుకి అడ్డంగా పడేసాం. ఒక్క జీపు రాలేదు. ఆపాం."

"ఆపారు. ఆలు ఎనక్కి తిరిగి ఎక్కడికెల్లారు?"

"ఇప్పుడదెందుకు?"

"ఎక్కడికెల్లారు?"

"కింద గెస్ట్ హౌసుకి."

"అక్కడ కూకుని ఏటి రాసుకున్నారు?"

"నీకూ తెలుసు కదా."

"సెప్పు. నీకు నోరుంది కదా."

"ఊరోల్లు ఎవరూ రాలేదని."

"ఇంకా?"

"ఎవరూ రాలేదు గనక, తవ్వడానికి ఎవరి అడ్డూ లేదని."

"ఆ రోజు నీకు కోడి కోసి పెట్టినోల్లలో నానూ ఉన్నాను. గెలిసామనుకున్నాం. గుడ్డోల్లలాగ డప్పు కొట్టుకుని ఎగిరాం. ఆ కాయితాన్ని కొట్టేయించి మల్లీ మీటింగు పెట్టించడానికి ఎన్ని ఆఫీసుల కాడ పడుకున్నామో నీకు తెలుసు. ఇప్పుడీ కారు ఇక్కడ పడుంటే ఏటవుద్ది? అదే కాయితం మల్లీ రాత్తారు."

"వత్తే మాత్రం? మనం వద్దన్నామని రాత్తాడనేటి నమ్మకం?"

"నాకు నమ్మకం లేదు. అందుకే పేపరోల్లు ఇద్దరు పొద్దున్నే మనూరెల్లారు. ఆల జీపుకి టైరు మార్చి పంపింది నానే. ఊరంతా నిలబడి వద్దంటంటే ఆల ముందు ఇతను మరోలాగ రాయాల. రాయమను సూద్దాం."

"ఊరంతా నిలబడదక్కా. మైకు సూత్తే మనోల్లు తల దించుకుంటారు. నానొక్కడినే మాటాడాల."

"నువ్వొక్కడివేటి? నీ పెల్లాం ఏటి సేత్తందో తెలుసా నీకు?"

"రాజకుమారి ఏటి సేత్తాది? మీటింగుకొచ్చినోల్లకి వంట సేత్తంటాది."

"మాటలు బట్టీ కొడతంది. మైకులో సెప్పడానికి."

"అది పరాయోల్ల ముందు నోరెత్తదు."

"అందుకే బట్టీ కొడతంది. కల్లంలో నిలబడి కోల్లకి సెప్తంది. ఈ కొండ మాది, మా పిల్లలది, ఎవరొచ్చి అడిగినా ఇవ్వం అని. మొన్న నా ఎదట సెప్పింది. గొంతు వనికింది గాని ఒక్క ముక్క మరిసిపోలేదు."

"నాకు సెప్పలేదే."

"నీకు సెప్తే మైకు నువ్వే లాగేసుకుంటావంది."

"అలగందా?"

"ఇసిరీ అయితే. జేబులోది తీసి ఇసిరీ. లోయ అక్కడే ఉంది. ఇసిరేసి ఇంటికెల్లి దానికి సెప్పు, ఎవరూ రారు, నోరు మూసుకుని అన్నం వండుకోమని. నువ్వే సెప్పాల, నాను సెప్పను. ఏలు తిమ్మిరెక్కిందిరా."

"ఇదిగో."

"వాషరు?"

"అదీ ఉంది. ఇదిగో."

"ముందు సేత్తోనే తిప్పాల. తరవాత స్పానరుతో ఒక్క పిసరు. గట్టిగా బిగిత్తే మరలు సెడతాయి. ఇప్పుడా తీగ మూతి దీని మీద నొక్కు. టక్కుమందా?"

"అంది."

"తగ్గిన నీల్లు పొయ్యి. కాలవ నీల్లు కాదు, ఆ పచ్చ డబ్బాలోవి. సాలు. బ్యాటరీ నాను కలుపుతాను. ఎల్లి తాలం తిప్పు."

"నానా?"

"నువ్వే. నా సేతులు తడి."

"...లేసిందక్కా. పొగ లేదు."

"ముల్లు సూడు."

"లెగతంది. కొంచెం కొంచెం లెగతంది. అక్కా, సారు ఇటే వత్తన్నాడు. నాను మాటాడను, ముందే సెప్తన్నాను. నువ్వే మాటాడుకో."

"ఏమ్మా, ఏదో చప్పుడు వినిపించింది. బాగయిపోయిందా ఏమిటి?"

"అయిందండి. ఎల్లొచ్చు."

"అలాగా. అదే... పైకి వెళ్తే మళ్ళీ ఆగిపోతుందేమోనని రామారావు భయపడుతున్నాడు."

"ఆగదండి."

"పాత సామానే కదమ్మా నువ్వు వేసింది?"

"పాతదేనండి. సూసే ఏసాను."

"చూడమ్మా, నాకో చిన్న సాయం చెయ్యి. బండి బాగవలేదను. ఎవరైనా అడిగితే అంతే చెప్పు. నేను ఇటునుంచి ఇటే దిగిపోయి గెస్ట్ హౌస్‌లో కూర్చుని ఆ పని ముగించుకుంటాను. మీ ఊళ్ళో వాళ్ళంతా ఎండలో కూర్చునే శ్రమ కూడా తప్పుతుంది. పోయినసారీ అలాగే జరిగింది, ఎవరికీ ఇబ్బంది రాలేదు."

"నాను సెప్పనండి అలగ."

"నీకేం పోయిందమ్మా? ఏం బాబూ, మౌనంగా ఉన్నావు. నువ్వైనా చెప్పు మీ అక్కకి."

"సెప్పేదేటి లేదండి. బండి బాగయింది, ఎక్కండి. ముందు సీట్లో నాను కూకుంటాను, మా ఊరికి దారి సూపిత్తాను."