కంచె గుంజ వయసు

నా వయసు నలభై ఏడు. వడ్రంగిని. నోరు ఊరుకోదని వీధిలో నన్ను రంపం అంటారు. మా అక్క భర్త, అంటే మా బావ పెరటి కంచెను పన్నెండేళ్ల కిందట నేనే పాతానని నిన్న ఈ స్టేషన్‌లో ఇదే బల్ల ముందు చెప్పాను. అది పచ్చి అబద్ధం. పన్నెండేళ్లు దాటితే కంచె లోపలి స్థలం తనదే అవుతుందని బావ అలా చెప్పించాడు.

పాతింది పోయిన వేసవిలో. పక్కింటి కుట్టు టీచర్ నెలరోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆవిడ స్థలంలోకి ఆరడుగులు జరిపి పాతాం. ఆవిడ బోరు ఆ ఆరడుగుల్లోనే ఉంది. అప్పట్నుంచి ఆవిడ వీధి కుళాయి నుంచి బిందెలు మోస్తోంది. గుంజలు చెదల మందేమీ పట్టించని పైన్ చెక్క. పైభాగాన్ని ఇనుప బ్రష్‌తో గీకి, బూడిద నీళ్లు పూసి ముసలిదాన్ని చేశాను. పని కుదిరిందని సిగ్గులేకుండా మురిసిపోయాను కూడా.

ఈ రోజు ఉదయం 10.40కి పెరట్లో మూడో గుంజ పీకమని ఎస్సై సారు నాకే చెప్పారు. పన్నెండేళ్ల గుంజైతే నేలమట్టం దగ్గర పుచ్చిపోయి ఒక్క తోపుకే విరగాలి. తోశాను. విరగలేదు. మళ్లీ తోశాను. విరగలేదు. నేను పాతిన గుంజ విరిగిపోవాలని దేవుడికి మొక్కుకోవడం అదే మొదలు. చుట్టూ తవ్వితే 10.55కి ఊడింది. అడుగు భాగం పసుపుగా, జిగురు వాసనతో ఉంది. లోతు కోసం నేను పెన్సిల్‌తో గీసిన గీత కూడా చెరగలేదు.

"గట్టి చెక్క సార్, అందుకే నిలిచింది. చెప్పరా బామ్మర్దీ!" అన్నాడు బావ. నోరు జారితే మా అక్కను బ్యాగుతో సహా నా గుమ్మంలో దింపుతానని ముందే బెదిరించాడు.

"ఇలాంటి చెక్క నేలలో ఎన్నేళ్లుంటుంది?" అని సారు అడిగారు. నేను గుంజకంటిన మట్టి దులుపుతూ నిలబడ్డాను.

అక్క వంటింటి గుమ్మంలోంచి అరిచింది. "ఏరా, నాన్న నేర్పింది మర్చిపోయావా? నాలుగేళ్లు దాటదని నాక్కూడా తెలుసు. చెప్పు!"

చెప్పాను.

అక్క ఇప్పుడు బయట బెంచీ మీద ఉంది. కాళ్ల దగ్గర బ్యాగుంది. ఎవరూ గెంటలేదు, తనే సర్దుకుని వచ్చింది. నాకు ఏ శిక్ష వేసినా సరే. ముందు అక్కను మా ఇంట్లో దింపి రావడానికి ఒక గంట ఇప్పించమని మనవి.

రాసింది చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. నిన్నటి కాగితం మీదున్నదీ నా సంతకమే, దాన్ని నమ్మకండి. దీన్ని నమ్మండి.

(సంతకం)
మధ్యాహ్నం 1.20